రాణిగారి నలభై మూడు డైలాగులు

ఇరవై ఆరేళ్ళలో ఆవిడ ఎన్నిసార్లు చచ్చిందో ఎవరూ చెప్పలేరు. వీడియో గేముల్లో కత్తి దిగినప్పుడు, బాణం తగిలినప్పుడు, కొండ మీంచి జారినప్పుడు ఆడమనిషి అరుస్తుంది చూడండి, ఆ అరుపు ఎవరో ఒకరు గదిలో నిలబడి అరవాలి కదా. ఆ ఎవరో ఒకరు ఈవిడ. జుట్టుకు బదులు పాములున్న రాక్షసికి తల తెగినప్పుడు అరిచింది. సముద్రదేవుడి కూతురికి శూలం దిగినప్పుడు అరిచింది. మగవేషం వేసుకుని యుద్ధానికి పోయిన సేనాపతికి, మంటల్లో కాలిన మంత్రగత్తెకు, పేరు కూడా పెట్టని దాసీలకు, అందరికీ ఈవిడే. స్టూడియోలో 'కేకలక్క' అని పిలిచేవారు. అసలు పేరు గేటు దగ్గర రిజిస్టర్లో ఉండేది గానీ అది ఎవరికీ గుర్తుండేది కాదు.

అన్నేళ్ళలో ఒక్క మాట మాట్లాడింది లేదు. 'అమ్మా' అని కూడా అననిచ్చేవారు కాదు. 'అమ్మా' అంటే ఒక్క భాషవాళ్ళకే పనికొస్తుందట, ఉత్త అరుపైతే ఎక్కడైనా చెల్లుతుందట! డైలాగులు చెప్పేవాళ్ళు వేరే. వాళ్ళు చల్లని గదిలో కూర్చుని, వేడినీళ్ళు గుక్క గుక్కగా తాగుతూ, తల్లి కడుపులోంచే రాణులై పుట్టినట్టు మాట్లాడి వెళ్ళిపోయేవారు. ఆ రాణి చచ్చే ఘట్టం వచ్చేసరికి, అరిస్తే వాళ్ళ గొంతు పాడవుతుందని ఈవిడకు కబురు వచ్చేది. మరి ఈవిడది గొంతు కాదా అని అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు.

ఈవిడకు ఒక అలవాటుంది. అరిచే ముందు, "ఎలా చచ్చింది?" అని అడుగుతుంది. గేములో ఎలా చస్తుందన్నది కాదు, అది కాగితం మీదే ఉంటుంది. కథల్లోనో చరిత్రలోనో అసలు మనిషి ఎలా పోయిందని. సౌండతను, అంటే అద్దం అవతల కూర్చుని రికార్డు చేసే అతను, మొదట్లో నవ్వేవాడు.

"ఎలా పోతే ఏంటక్కా? నువ్వు అరువు, నేను నొక్కుతా."

"అలా కాదు. నీళ్ళలో పోయినవాళ్ళకి అరుపు రాదు, గొంతు మూసుకుపోతుంది. విషం తాగినవాళ్ళ అరుపు కడుపులోంచి వస్తుంది. ముసలిదై మంచంలో పోయినావిడ చేత కుర్రపిల్లలా కెవ్వున అరిపిస్తే ఆవిడ ఉసురు నాకు తగులుతుంది."

అందుకని పుస్తకాలు వెతుక్కునేది. వెతికిన కొద్దీ ఒళ్ళు మండేది. గేములో తల తెగి పడే సేనాపతి నిజానికి మనవలను ఎత్తుకుని హాయిగా ఎనభై ఏళ్ళు బతికింది. సముద్రదేవుడి కూతురికి కథలో అసలు చావే లేదు. "బతికున్నవాళ్ళందరినీ నా చేత చంపిస్తున్నార్రా బాబూ" అని తిట్టుకుంటూనే, బతికినవాళ్ళు బతికినట్టు, పోయినవాళ్ళు పోయినట్టు గొంతులో ఏదో ఒక తేడా పెట్టి అరిచేది. ఆ తేడా గేము ఆడేవాళ్ళకు తెలిసేదా అంటే, తెలిసే దారే లేదు. కత్తుల చప్పుడులో అది ఎవడికి వినబడుతుంది?

యాభై నాలుగో ఏట గొంతు బొంగురుపోవడం మొదలైంది. గొంతు డాక్టరు సన్నని గొట్టం లోపలికి దించి, తెర మీద చూపించాడు. స్వరపేటిక మీద రెండు వైపులా చిన్న చిన్న కాయలు.

"మామూలుగా మాట్లాడుకోండి, ఇబ్బంది లేదు. అరుపులు మాత్రం ఇక కట్టిపెట్టాలి. ఇలాగే గొంతు చించుకుంటూ పోతే ఒకరోజు మాట పడిపోతుంది. మళ్ళీ వస్తుందని నేను హామీ ఇవ్వలేను" అన్నాడు.

అరవడం తప్ప ఏ పనీ రాని మనిషికి అరవొద్దని చెప్పి పంపించాడు. పక్కన కూతురు ఉంది. మందుల షాపులో పనిచేస్తుంది కాబట్టి చీటీ చదివి, "వేరే పని చూసుకో అమ్మా. ఇన్నేళ్ళు చేసింది చాల్లే" అంది. భర్త పోయిన పదేళ్ళ నుంచి ఇంట్లో ఉన్నది వీళ్ళిద్దరే. కూతురు ప్రేమగానే అంది. కానీ 'చాల్లే' అన్న మాట తల్లికి గుచ్చుకుంది. ఏం చేశానని చాలు? అరిచాను, అంతే కదా.

సరిగ్గా అప్పుడే అదృష్టం తలుపు తట్టింది. తట్టిందనే అనుకుంది పాపం. కొత్త గేము మొదలైంది, అందులో చరిత్రలోని రాణులు పన్నెండు మంది. పదకొండు మందికి గొంతులు దొరికాయి. మిగిలిన 'కోట రాణి'కి ఎవరిని తెచ్చినా డైరెక్టరమ్మకు నచ్చలేదు. ఈ డైరెక్టరమ్మకు ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు, చలాకీ పిల్ల, చెడ్డది కాదు. ఒకరోజు స్టూడియో మెట్ల దగ్గర కేకలక్క లిఫ్టు మెకానిక్‌ను నిలదీస్తోంది. అరవకూడదు కాబట్టి నెమ్మదిగా, బొంగురు గొంతుతో, ఒక్కో మాటా తూచినట్టు. "నాలుగు రోజుల్నుంచి రేపు రేపు అంటున్నావు బాబూ. నా మోకాళ్ళకి నువ్వు చెప్పు, రేపు బాగవుతుందని." డైరెక్టరమ్మ పై మెట్టు మీద ఆగిపోయింది.

"అక్కా, ఆ గొంతు! అదే నా రాణి గొంతు!"

గొంతు పాడైనందుకే వేషం దొరికిందన్నమాట. నలభై మూడు డైలాగులు. ఒక్కటి కూడా అరిచేది కాదు.

ఆ కాగితాలు ఇంటికి తెచ్చి వంటింట్లో గిన్నెలు తోముతూ వల్లెవేసేది. చాలావరకు చెత్తే. 'నా కోట దాటాలంటే నా శవం దాటాలి' లాంటివి. కానీ ముప్పై ఎనిమిదోది ఉంది చూశారూ, అది ఆవిడ ప్రాణం. కోట పడిపోయే ముందు రాణి తన మనుషులతో అంటుంది: 'తలుపులు వేసేసి రండి. ఇక ఎవరూ రారు.' అంతే. ఆ ఒక్క ముక్కను ఎన్ని రకాలుగా చెప్పిందో! కూతురు అన్నం తింటూ తింటూ చెయ్యి ఆపేసి వినేది.

"అమ్మా, ఒళ్ళు జలదరిస్తోంది. రికార్డింగు ఎప్పుడో చెప్పు, సెలవు పెట్టి వస్తా."

"నువ్వెందుకే అక్కడికి?"

"నువ్వు మాట్లాడుతుంటే వినాలి. నాకు ఇరవై మూడేళ్ళొచ్చాయి. నీ పనిలో నీ నోట ఒక్క మాట వినలేదు."

తల్లి మొహం తిప్పుకుని గిన్నెల మీదికి వంగింది. ఆ రోజు తోమిన గిన్నెలే మళ్ళీ తోమింది.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక్కడే ఆ అలవాటు అడ్డొచ్చింది. 'ఎలా చచ్చింది?'

కోట రాణి గురించి గేమువాళ్ళకు తెలిసింది సున్నా. పాత పేర్ల జాబితాలో పేరు బాగుందని తీసుకున్నారు. తెలిసిన మనిషి ఒకాయన ఉన్నాడు, అదీ కేకలక్క ఉండే భవనంలోనే, కింది వాటాలో. రిటైరైన చరిత్ర మాస్టారు. ఆ రాణి మీద పన్నెండేళ్ళు కష్టపడి పుస్తకం రాసి, సొంతంగా మూడు వందల కాపీలు వేయించుకున్నాడు. వాటిలో రెండు వందల అరవై ఆయన మంచం కిందే ఉన్నాయి. పుస్తకం అడగడానికి మనిషి వచ్చిందంటే నమ్మలేక ఆయన కళ్ళజోడు రెండుసార్లు తుడుచుకున్నాడు.

కేకలక్క ముందు గేము బొమ్మ చూపించింది. పాతికేళ్ళ పిల్ల, చేతిలో తనకంటే పొడుగు కత్తి, ఒంటి మీద బట్టలు చాలా పొదుపుగా ఉన్నాయి.

"ఎవరమ్మా ఈ పిల్ల? జలుబు చెయ్యదూ?"

"మీ రాణేనండి."

మాస్టారు బొమ్మను పక్కకు తోసేశాడు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు. రాణి కోటను ఏలేనాటికి ఆవిడకు యాభై ఆరు. మోకాళ్ళ వాపు. కత్తి పట్టినట్టు ఎక్కడా ఆధారం లేదు. అంతకు ముందు ఆవిడ భర్తైన రాజు ఆవిడను ఒక్క మాట అడక్కుండా సగం సీమను శత్రువుకు రాసిచ్చేశాడు. ఆ కబురు విన్న రోజు ఆవిడ, 'నా మాటకు విలువ లేని చోట నాకు మాట ఎందుకు?' అని నోరు మూసుకుంది. కొద్దిరోజులకే రాజు పోయాడు, రాజ్యం ఆవిడ చేతికొచ్చింది, అయినా నోరు విప్పలేదు. పదకొండేళ్ళు చేతి సైగలతో ఏలింది. ఆ సైగలు ఎనిమిది, కోటలో రాతిపలక మీద చెక్కి ఉన్నాయి. చివరికి జ్వరంతో మంచంలో పోయింది.

కేకలక్కకు కళ్ళు తిరిగినంత పనైంది. పదకొండేళ్ళు మాట్లాడని గొంతు! అది ఎలా ఉంటుంది? తుప్పు పట్టిన గడియలా ఉంటుంది. అలాంటి మనిషి చివరికి నోరు తెరిచి 'తలుపులు వేసేసి రండి' అంటే, ఆ మాట ఎంత బరువుగా పడుతుంది! తన బొంగురు గొంతు దీనికోసమే బొంగురుపోయిందనిపించింది. ఆవిడకు తట్టింది అదొక్కటే, డైలాగులు ఎలా చెప్పాలా అని. ఇంకోవైపు ఆలోచన పోనేలేదు. తన పని మీద అంత పిచ్చి ఉన్నవాళ్ళు తప్ప ఇంత తెలివితక్కువ పని ఎవరూ చెయ్యరు.

మర్నాడు పొద్దున్నే పుస్తకం చంకన పెట్టుకుని డైరెక్టరమ్మ గదిలోకి వెళ్ళి, పూస గుచ్చినట్టు అంతా చెప్పింది. ఆ పిల్ల కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది.

"అక్కా, ఇది బంగారం! మాట్లాడని రాణి! ప్రపంచంలో ఏ గేములోనూ లేదు!"

"అదేనమ్మా, అందుకని డైలాగులు కొంచెం ఆగి ఆగి..."

"ఆ మాస్టారి ఫోన్ నంబర్ ఇవ్వక్కా ముందు. అబ్బ, నువ్వు దేవతవి!"

దేవత ఇంటికొచ్చింది. రెండు వారాల తర్వాత కొత్త కాగితాలొచ్చాయి. మునుపు తొమ్మిది పేజీలు, ఇప్పుడు ఒకటి. కోట రాణి: బరువైన ఊపిరి, పన్నెండు. నడకలో ఊపిరి, ఆరు. మరణం, మూడు. డైలాగుల గడిలో అడ్డగీత. రాణి బొమ్మను కూడా ముసలిదాన్ని చేశారు, కత్తి తీసేశారు, ఎనిమిది సైగలూ పెట్టారు. అన్నీ ఈవిడ పుణ్యమే. తన గొయ్యి తనే తవ్వుకోవడం అంటారే, ఈవిడ తవ్వి, అంచులు నున్నగా చెక్కి మరీ అప్పగించింది.

కూతురికి చెప్పలేదు. నోరు రాలేదు. రికార్డింగు తేదీ కూడా దాచింది. కానీ షాపులో మందు కొనడానికొచ్చిన సౌండతను ఆ పిల్లకు మాటల మధ్యలో ఆ తేదీ చెప్పేశాడు. రికార్డింగు రోజు ఉదయం స్టూడియోలో అద్దం అవతల డైరెక్టరమ్మ, సౌండతను, సలహాదారు హోదాలో కొత్త చొక్కా వేసుకున్న మాస్టారు, ఆయన పక్కనే సెలవు పెట్టి వచ్చిన కూతురు. తల్లిని చూసి చెయ్యి ఊపింది.

కేకలక్క చూడనట్టే తల తిప్పుకుంది. మైకు ముందు నిలబడి పన్నెండు ఊపిర్లు తీసింది, ఆరు నడక ఊపిర్లు తీసింది. కూతురి మొహంలో నవ్వు కొంచెం కొంచెంగా తగ్గడం అద్దంలోంచి కనిపిస్తోంది. ఇక మరణం. ఆవిడ ఇరవై ఆరేళ్ళలో చెయ్యని పని అప్పుడు చేసింది. అబద్ధమాడింది.

"అమ్మా, డైరెక్టరుగారూ! ఒక్కమాట. రాణి చివర్లో మౌనం విడిచిపెట్టిందట. పోయే ముందు ఒక్క మాట అందట. 'తలుపులు వేసేసి రండి' అని. మన ముప్పై ఎనిమిదోది. అదొక్కటి ఉంచుకుందామా?"

డైరెక్టరమ్మ ముందుకు వంగింది. "నిజమా అక్కా? ఎక్కడుంది?"

"పుస్తకంలోనే... ఎక్కడో చదివాను."

"మాస్టారూ, ఏ పేజీ?"

అందరూ మాస్టారి వైపు తిరిగారు. ఆయన కేకలక్కను చూశాడు. ఆవిడ అద్దం ఇవతల నుంచి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టలేదు గానీ, పెట్టినంత పనీ చేసింది కళ్ళతో. ఆయనకు అర్థమైంది, అర్థం కాకపోవడం కాదు. కానీ ఆయన మాటను పట్టించుకుని మనుషులు ఇలా ఎదురుచూడటం ఆయన జన్మలో ఇదే మొదలు.

"లేదమ్మా. అలాంటిది ఏ శాసనంలోనూ లేదు. ఆవిడ ఒక్క మాట కూడా మాట్లాడకుండానే పోయింది" అన్నాడు.

"సారీ అక్కా. అసలు చరిత్ర ముఖ్యమని నువ్వే కదా నేర్పింది నాకు" అంది డైరెక్టరమ్మ, నిజంగానే బాధపడుతూ. "అలాగైతే చావులో కేక కూడా ఉండకూడదు. ఊపిరి ఆగిపోవాలి, అంతే."

ఆగిపోయింది. మూడుసార్లు ఆపింది. సౌండతను 'భలే' అన్నాడు.

అంతటితో పోనిచ్చినా బాగుండేది. డైరెక్టరమ్మ ఇంకో కాగితం తీసింది. రాణి మాట్లాడదు కాబట్టి కోట పడిపోయే ఘట్టం బోసిగా ఉందట. చుట్టూ దాసీలు, కాపలా ఆడవాళ్ళు చస్తూ అరవాలి. వాళ్ళకు మౌనవ్రతం లేదుగా. నలభై అరుపులు.

"ఎవరినైనా వేరేవాళ్ళను పిలవండి" అని కూతురు లేచింది. "మా అమ్మ అరవకూడదు. డాక్టరు చెప్పాడు."

డైరెక్టరమ్మ కంగారుపడింది. "అయ్యో, నాకు తెలీదక్కా! వద్దులే, వద్దు."

అప్పుడు కేకలక్కకు వచ్చిన కోపం ఎవరి మీదో ఆవిడకే తెలియదు. మాట్లాడే అర్హత లేదన్నారు. అరిచే అర్హత కూడా లేదంటారా? అదీ కూతురి ముందు?

"నువ్వు కూర్చోవే. రికార్డు పెట్టవయ్యా" అంది.

సౌండతను డైరెక్టరమ్మ వైపు చూశాడు. ఆ పిల్ల ఎటూ తేల్చుకోలేక ఊరుకుంది. ఎర్రదీపం వెలిగింది.

ఎవరెలా చచ్చారని ఆ రోజు అడగలేదు. ఆ దాసీల గురించి ఏ మాస్టారూ పుస్తకం రాయలేదు, ఏ రాతి మీదా వాళ్ళు లేరు. రాణిగారు అలిగి నోరు మూసుకుంటే, పదకొండేళ్ళు ఆ సైగలకు పరుగులు పెట్టినవాళ్ళు వాళ్ళు. తలుపులు వేసింది వాళ్ళే, చచ్చిందీ వాళ్ళే. కేకలక్క అరిచింది. ఒకటి, రెండు, పది. సౌండతను "కొంచెం వెనక్కి జరుగక్కా, మీటరు సూది చివరికి కొట్టేస్తోంది" అన్నాడు. జరగలేదు. కూతురు చెవులు మూసుకుంది. మాస్టారు తల వంచుకున్నాడు. ఇరవై ఏడో దాసీ దగ్గర గొంతులో ఏదో పట్టుకున్నట్టయింది, దగ్గింది, మళ్ళీ అరిచింది. ముప్పై ఒకటోది సగంలో ఉండగా తెగిపోయింది. నోరు తెరిచే ఉంది, మెడ నరాలు పొంగే ఉన్నాయి, శబ్దం మాత్రం లేదు. సౌండతను మైకు చెడిపోయిందనుకుని మీటలు తిప్పాడు.

డాక్టరు ఈసారి గొట్టం దించి చూసి, కూతురిని పక్కకు పిలిచి మాట్లాడాడు. ఆపరేషన్ చెయ్యొచ్చు, కానీ మాట తిరిగొస్తుందో లేదో తను చెప్పలేనన్నాడు. కూతురు ఒక పలక కొని తెచ్చింది. తల్లి దాన్ని బీరువా వెనక పడేసింది.

నాలుగో రోజు మధ్యాహ్నం మాస్టారు పైకి వచ్చాడు. గేమువాళ్ళు పుస్తకాన్ని మళ్ళీ అచ్చు వేయిస్తున్నారట, పదివేల కాపీలు. గుమ్మంలో నిలబడి అటూ ఇటూ కదులుతూ, "ఇదంతా నీవల్లే అమ్మా. ముందుమాటలో నీ పేరు వేద్దామనుకుంటున్నాను. నీ పూర్తి పేరు నాకు తెలియదు. ఏమని రాయమంటావు?" అన్నాడు.

కేకలక్క కుర్చీలోంచి లేచింది. మూడు రోజులుగా మనసులో కూర్చి పెట్టుకున్న మాటలున్నాయి. నీ చేతిలో ఒక్క 'అవును' ఉండి కూడా ఇవ్వలేకపోయావు కదయ్యా, దానికి నీకు ఏం ఖర్చయ్యేది, ఆవిడ చచ్చి నాలుగొందల ఏళ్ళయింది, నేను నీ కళ్ళ ముందు నిలబడి ఉన్నాను కదా, నీ శాసనాలు తగలెయ్య! అన్నీ వరుసగా ఉన్నాయి. ఆయన మొహంలో మొహం పెట్టి నోరు తెరిచింది. గాలి వచ్చింది.

ఆయన చెవి దగ్గరగా పెట్టి, "ఏమంటున్నావమ్మా?" అన్నాడు.

కూతురు లోపల్నుంచి పరుగున వచ్చింది. "వెళ్ళండి మాస్టారూ. మీ రాణి మాట్లాడగలిగీ మానేసింది. మా అమ్మ మాట్లాడాలనుకుంది." తలుపు వేసేసింది.

తలుపుకు ఇవతల తల్లి ఇంకా నోరు తెరుచుకునే ఉంది. ఊరందరి చావులకూ అరిచిన మనిషి, తన కోసం ఒక మనిషిని ఒక్క తిట్టు తిట్టలేకపోయింది. కూతురు ఆవిడ భుజం పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళింది.